మీకు తెలుసా? తుపాకి యాటకు ఫెరారీ బహుమానము!

కంప్యూటరు తెరపై తుపాకి పేల్చుటయే జీవనవృత్తిగా మలచుకొనిన తొలితరము వారిలో అగ్రగణ్యుడై, ‘థ్రెష్’ అను మాఱుపేర ప్రసిద్ధికెక్కిన డెనిస్ ఫాంగ్, 1977లో హాంకాంగునందు జన్మించి, అమెరికాలో పెరిగి, 1997లో అట్లాంటా నగరమున ముగిసిన ‘రెడ్ అనైహిలేషన్’ క్వేక్ పోటీలో విజేతయై, ఆ యాటను నిర్మించినవారిలో ముఖ్యుడగు జాన్ కార్మాక్ యొక్క సొంత ఫెరారీ 328 కారును బహుమానముగా పొందెను.

అంతిమ సమరమున ఆయనకు 14 పాయింట్లు రాగా, ప్రత్యర్థికి దక్కినది సున్నకంటెను ఒకటి తక్కువ. ఏలయన, ఆ క్రీడయందు తన యాయుధముచేతనో ప్రమాదవశముననో తనకు తానే మరణము తెచ్చుకొనిన ఆటగానికి ఒక పాయింటు కోతపడును.

ఎడమచేతి వ్రేళ్లను డబ్ల్యు, ఏ, ఎస్, డి మీటలపై నిలిపి నడచుచు, కుడిచేతి మౌస్‌తో గుఱిచూచు నేటి పద్ధతి లోకమున వ్యాపించుటకు ఆయన యాటతీరు ముఖ్యకారణములలో నొకటి. పిదప వ్యాపారమున ప్రవేశించి, ఆటగాండ్ర పరస్పర సంభాషణకై ఆయన సహచరులతో గూడి స్థాపించిన ఎక్స్‌ఫైర్ సంస్థను, 2006లో వయాకామ్ 10 కోట్ల 20 లక్షల డాలర్లకు కొనెను. ప్రపంచపు తొలి వృత్తి వీడియోక్రీడాకారుడని గిన్నిస్ గ్రంథము గుర్తించినదియు ఈయననే.