తిరుమణి సూర్యుడు

రాజు పన్ను గొనుట సూర్యుడు నీరు గ్రహించుట వంటిదని కాళిదాసు రఘువంశమున దిలీపుని గూర్చి చెప్పెను. వేయి రెట్లుగా మరల వర్షించుటకే ఆ గ్రహణము. మన సభలలో వక్తలకు మిక్కిలి ప్రియమైన ఈ ఉపమానమున పావగడ తాలూకా రైతు ఎఱిగినది మొదటి సగమే. అచ్చటి సూర్యుడు గ్రహించును, వర్షించుట అరుదు.

ఆ తాలూకా తుమకూరు జిల్లాకు చేరినదైనను దానికి దాదాపు అన్ని వైపుల ఆంధ్రదేశమే. ఇండ్లలో వినబడునది తెనుగే. వేరుసెనగ విత్తుట, మబ్బుకై చూచుట, పంట పోయిన యేట బెంగుళూరునకు కూలికి పోవుట వారికి వాడుకయైనది.

ఇట్టి చోట 2015లో కర్ణాటక ప్రభుత్వము శత్రువనదగిన యెండనే పంటగా నెంచెను. తిరుమణి, వల్లూరు, బాలసముద్రము మున్నగు అయిదు గ్రామములలో సుమారు 13,000 ఎకరములను కొనక, కౌలునకే తీసికొనెను. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు; రెండేండ్ల కొకసారి నూటికి 5 వంతుల పెంపు. 2018లో ప్రారంభమైన ఆ విద్యుత్క్షేత్రము 2019 చివరకు 2,050 మెగావాట్ల సామర్థ్యమును పొందినది. పట్టా రైతు పేరనే నిలిచినది. కఱవున భూమి నమ్ముకొనువారిని చూచి చూచి విసిగిన మనకు, ఇది మెచ్చదగిన నాయకత్వమే.

అయితే భూమి లేనివారి మాట యేమి? కలుపు తీసి, కాయ కోసి బ్రదికినవారికి కౌలు రాదు. పలకలు కడుగుట, గడ్డి కోయుట, కావలి యుండుట వంటి పనులు కొందఱికే దొరకినవి. గొఱ్ఱెలకాపరులకు మేతబీళ్లు కంచెలోపల చిక్కినవి.

సూర్యుడు ఏ గుంటనుండి నీరు తీసికొనెనో ఆ గుంటకే తిరిగి యీయడు. వాన పొలముపైనను పడును, పోరంబోకుపైనను పడును. కాళిదాసు ఉపమానమున వేయి రెట్లనుమాటను మనము కంఠస్థము చేసితిమి గాని, వాన పట్టా చూచి కురియదనుమాటను విడిచితిమి.

రాయలసీమలోను ఇట్టి క్షేత్రములు వెలసినవి. వాని ఒప్పందములు వ్రాయు న్యాయవాదులును, లెక్కలు కట్టు ఇంజనీర్లును, సంతకము చేయు ఉద్యోగులును ఈ పత్రిక చదువువారిలోనే యుందురు. ఎకరమునకు కౌలు నిర్ణయించునాడే, ఆ ఎకరముపై ఏటికెన్ని కూలిదినములు పోవునో లెక్కించి, అందుకు తగిన సొమ్మును గ్రామమున భూమిలేని కుటుంబములకు చెల్లింపవలెనను షరతు నొకదానిని ఆ పత్రమున చేర్చుటకు వారికి అడ్డమేమి?