పరుగులో పాదం మోపే తీరు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమయ్యేవారు 1600 మీటర్ల పరుగు సాధన చేయాలి. ముందు మడమ మోపాలా, మునిపాదం మోపాలా అన్న సందేహం వారికి రావచ్చు.

పాదం నేలను తాకే తీరు మూడు రకాలు: మడమతో, పాదం మధ్యభాగంతో, మునిపాదంతో. 2010లో డేనియల్ లీబర్‌మన్ బృందం 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, వట్టికాళ్లతో పరిగెత్తడం అలవాటైనవారు ఎక్కువగా మునిపాదం మోపుతారు. దీనివల్ల నేల నుంచి వచ్చే తొలి తాకిడి తగ్గుతుంది. అయితే మోకాలిపై తగ్గిన భారం పిక్కపై, మడమ వెనుక స్నాయువుపై పడుతుంది. 2004లో జపాన్‌లోని సప్పోరో హాఫ్ మారథాన్‌లో పరిశీలించిన మేటి రన్నర్లలో దాదాపు 75 శాతం మంది ముందు మడమనే మోపారు. కాబట్టి అందరికీ సరిపోయే తీరు ఒక్కటంటూ లేదు.

అంతకంటే ముఖ్యం, పాదం శరీరానికి ఎంత దూరంలో పడుతున్నదనేది. అంగ బాగా చాచితే ప్రతి అడుగూ వేగాన్ని అడ్డుకుంటుంది. మోకాలు కాస్త వంచి, పాదం శరీరానికి దగ్గరగా పడేటట్లు చిన్న అంగలు త్వరత్వరగా వేయాలి. పెనుకొండ కొండదారి వంటి ఎగుడులో అంగ దానంతటదే చిన్నదవుతుంది. ఆ తీరును మైదానంలోనూ గమనించండి.

పరీక్ష దగ్గరపడ్డాక తీరు మార్చవద్దు. మార్చదలిస్తే కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా మార్చండి. పిక్కలో నొప్పి పెరిగితే ఆపండి.

అభ్యాసం: మునిపాదం మోపితే భారం ఏ భాగాలపై పడుతుంది? ఎందుకు నెమ్మదిగా మారాలి?