పారశీక వైద్యంలో మతిమరుపు

డిమెన్షియాలో కనిపించే జ్ఞాపకలోపాన్ని పారశీక వైద్యులు ‘నిస్యాన్’ అనే వ్యాధి కింద వర్ణించారు. ఇబ్న్ సీనా (980–1037) జ్ఞాపకశక్తికి మెదడు వెనుక గదిని స్థానంగా చెప్పాడు. అక్కడ చలువ, తేమ పెరిగితే విషయాలు నిలవవనీ, పొడితనం మితిమీరితే కొత్తవి నాటుకోవనీ ఆ వైద్యుల భావన. అందుకే రోగి ప్రకృతిని తేల్చకుండా మందు ఇచ్చేవారు కాదు.

చికిత్స ఆహారంతో, నిద్ర వేళలతో మొదలయ్యేది. చలువచేసే పదార్థాలు మాన్పించి, కఫాన్ని వెడలగొట్టి, తలకు తైలమర్దన చేసేవారు. ఔషధాల్లో కుందుర్ అనే సాంబ్రాణి బంకది పెద్దపీట. తెలుగు ఇళ్లలో పిల్లలకు మాటలు రావాలని నాకించే వస కూడా ఆ జాబితాలో ఉండడం విశేషం.

పారశీక వైద్యంలో వాడే కుంకుమపువ్వును ఇరాన్ పరిశోధకులు ఆధునిక పద్ధతిలో పరీక్షించారు. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో 46 మంది అల్జీమర్స్ రోగులను 16 వారాలు పరిశీలించారు. రోజుకు 30 మిల్లీగ్రాములు తీసుకున్నవారి ఆలోచనాశక్తి, ఉత్తుత్తి మాత్రలు వాడినవారికంటే మెరుగ్గా ఉంది. ఆశ కలిగించే ఫలితమే. కానీ ఇంత చిన్న పరీక్ష వ్యాధి నయమవుతుందని చెప్పడానికి చాలదు. డాక్టరు రాసిన మందులు ఆపి ఇలాంటి మూలికలను వాడడం ప్రమాదకరం. థైరాయిడ్ లోపం, బి12 కొరత వల్ల కూడా మరుపు వస్తుంది కాబట్టి ముందు ఆ పరీక్షలు చేయించాలి.