చిన్న రివాల్వరుకు అదనపు తూటాలు

రాజంపేటలో మా పెద్దబాపుకు లైసెన్సు రివాల్వరుంది. కాన్పూరులో తయారైన 32 బోరు, ఆరు గదులది. "జేబుల తూటాలున్నయి గదా, ఇంకేం గావాలె?" అంటారాయన. పేల్చేసిన ఖాళీ తొడుగులిచ్చి చీకట్లో నింపమన్నాను. రెండు కిందపడ్డాయి!

గుండ్రటి స్పీడ్ లోడరైతే ఆరింటినీ ఒక్కసారే గదుల్లోకి దింపుతుంది. వెబ్లీ రివాల్వరు కోసం ప్రీడో అనే ఆయన 1893లోనే ఇటువంటిదానికి పేటెంటు తీసుకున్నాడు. అయితే అది జేబులో నిమ్మకాయలా ఉబ్బుతుంది. పైగా గదుల సంఖ్య, వాటి మధ్య ఎడం, తూటా కొలత మూడూ కుదరాలి. అయిదు తూటాల రివాల్వరు లోడరు దీనికి పనికిరాదు. కొన్నిటికి పిడిచెక్కే అడ్డొస్తుంది, అది కొనేముందు పెట్టి చూసుకోవాల్సిందే.

రబ్బరు పట్టీ పలచన. రెండేసి చొప్పున ఎక్కించాలి, కాస్త ఆలస్యం. తోలు బెల్టు చూడముచ్చటే గానీ, నెలలతరబడి అందులోనే ఉంచితే ఇత్తడికి చిలుం పడుతుంది.

పెద్దబాపుకు నేను పట్టీయే చెప్పాను. ఆయనింకా జేబునే నమ్ముతున్నారు.