ఆకురాలే కాలంలో ఒక్కరోజు ప్రయాణాలు: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• శరదృతువుకూ ఆకురాలే కాలానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• చల్లని దేశాల్లోనూ మన ప్రాంతంలోనూ ఆకులు రాలడానికి గల కారణాలను పోల్చగలుగుతారు.
• ఉత్తరాంధ్రలో ఏ చెట్టు ఏ నెలలో రంగు మారుతుందో గుర్తించగలుగుతారు.
• ఆయా కాలాలకు తగిన ఒక్కరోజు ప్రయాణాన్ని రూపొందించగలుగుతారు.

1. పరిచయం

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, జపాన్‌లో, మన కాశ్మీర్‌లో అక్టోబరు, నవంబరు నెలల్లో చెట్ల ఆకులు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లోకి మారతాయి. వాటిని చూడడానికే జనం కార్లలో, రైళ్లలో బయలుదేరతారు. శ్రీనగర్‌లో చినార్ చెట్లు ఎర్రబడే ఆ రోజులను కాశ్మీరీలు 'హరూద్' అంటారు. ఈ దృశ్యాలను సినిమాల్లో, సెల్‌ఫోన్లలో చూసినవారు దసరా సెలవుల్లో మన ప్రాంతానికి వచ్చి, "ఇక్కడ రంగు మారిన అడవి ఎక్కడుంది?" అని అడుగుతారు. పర్యాటక రంగంలో పనిచేయాలనుకునే మీరు ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పగలగాలి.

ఆ జవాబు క్లుప్తంగా ఇది: మన దగ్గర కూడా ఆకులు రంగు మారతాయి, రాలతాయి. కాని అది దసరాకు కాదు, శివరాత్రికి. దసరాకు వచ్చినవారికి చూపించవలసిన రంగులు వేరే ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపేసి ప్రయాణం ఏర్పాటు చేస్తే వచ్చినవారు నిరాశతో తిరిగి వెళతారు. వేరుచేసి చెబితే ఒకే ప్రాంతానికి ఏడాదిలో రెండుసార్లు రావడానికి కారణం దొరుకుతుంది.

2. రుతువుల పేర్లు ఏం చెబుతున్నాయి?

మన సంవత్సరంలో ఆరు రుతువులు. ఆశ్వయుజ, కార్తీకాలు శరత్తు. మార్గశిర, పుష్యాలు హేమంతం. మాఘ, ఫాల్గుణాలు శిశిరం. ఆ తరవాత చైత్రంతో వసంతం మొదలవుతుంది. మన పెద్దలు ఆకురాలే కాలం అన్నది శిశిరాన్నే. శరత్తు అనగానే వారికి గుర్తుకొచ్చేది తేటపడిన ఆకాశం, పిండారబోసినట్లు కాసే వెన్నెల, నిండిన చెరువులు, రెల్లుపూలు.

చల్లని దేశాల్లో సంవత్సరానికి నాలుగే కాలాలు. వాటిలో మూడోదాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు కొందరు 'శరత్తు' అనీ, కొందరు 'ఆకురాలు కాలం' అనీ రాశారు. అక్కడ ఆ రెండూ ఒక్కటే కాబట్టి ఇబ్బంది లేదు. ఇక్కడ వాటి మధ్య మూడు, నాలుగు నెలల దూరం ఉంది. పాత పేర్లు మన వాతావరణాన్ని చూసి పెట్టినవి కాబట్టి ప్రయాణ ప్రణాళికకు వాటినే ఆధారంగా తీసుకోవడం మంచిది.

3. ఆకు ఎందుకు రాలుతుంది?

ఆకు పచ్చగా ఉండడానికి కారణం పత్రహరితం. పసుపు, నారింజ రంగులనిచ్చే కెరోటినాయిడ్లు కూడా ఆకులో మొదటినుంచీ ఉంటాయి. పత్రహరితం ఎక్కువగా ఉన్నంతకాలం అవి కనిపించవు. చెట్టు ఆకును వదులుకునే ముందు అందులోని పోషకాలను కొమ్మల్లోకి వెనక్కి తీసుకుంటుంది. పత్రహరితం విచ్ఛిన్నమవుతుంది, అడుగున ఉన్న పసుపు బయటపడుతుంది. కొన్ని జాతుల్లో ఈ దశలోనే ఆంథోసయనిన్లు అనే ఎర్రని పదార్థాలు కొత్తగా తయారవుతాయి. తొడిమ మొదట్లో ప్రత్యేకమైన కణాల పొర ఏర్పడి, అక్కడ పట్టు సడలి ఆకు రాలిపోతుంది.

ఇంతవరకు అన్ని దేశాల్లోనూ జరిగేది ఒకటే. తేడా అంతా ఈ పని ఎప్పుడు మొదలవుతుందన్న దాంట్లో ఉంది.

చల్లని దేశాల్లో పగలు వేగంగా తగ్గుతుంది, చలి ముదురుతుంది. నేలలో నీరు గడ్డకడితే వేళ్లు దాన్ని తీసుకోలేవు. అందుకే చెట్టు చలికాలానికి ముందే ఆకులు దులుపుకొంటుంది. శ్రీకాకుళం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ డిసెంబరులో కూడా పగలు సుమారు 11 గంటలుంటుంది. మైదానంలో నీరు గడ్డకట్టేంత చలి రాదు. కాబట్టి చలికి భయపడి ఆకు రాల్చవలసిన అవసరం మన చెట్టుకు లేదు.

మన చెట్టుకు కష్టం నీటితో వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు, అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు, ఈశాన్య రుతుపవనాలు వానలిస్తాయి. కార్తీకం నాటికి నేల ఇంకా తడిగానే ఉంటుంది, అడవి నిండుపచ్చగా ఉంటుంది. డిసెంబరు నుంచి వానలు దాదాపు ఉండవు. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి పైనేల ఎండిపోతుంది. ఆకుల నుంచి ఆవిరైపోయే నీటిని ఆదా చేసుకోవడానికి చెట్లు ఆకులు వదులుతాయి. తూర్పు కనుమల్లోని ఈ అడవులను ఆకురాల్చే అడవులు అనడానికి కారణం ఇదే.

ఇందులో మరో విశేషం గమనించండి. వానలు జూన్‌లో వస్తాయి. కాని చాలా చెట్లు మార్చి, ఏప్రిల్ నెలల ఎండలోనే చిగురిస్తాయి. లోతైన వేళ్లతో అందుకున్న నీరు, కాండంలో దాచుకున్న నీరు అందుకు ఉపయోగపడతాయి. ఆ లేత చిగురు చాలా జాతుల్లో రాగిరంగులోనో ఎరుపులోనో ఉంటుంది. చల్లని దేశాల్లో రాలబోయే ఆకులో కనిపించే ఎరుపు మన దగ్గర ఎక్కువగా పుట్టే ఆకులో కనిపిస్తుంది. రెండుచోట్లా ఆ రంగు ఆంథోసయనిన్లదే. తీవ్రమైన ఎండ నుంచి లేత ఆకును అవి కాపాడతాయని శాస్త్రవేత్తలు వివరిస్తారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
ఉత్తరాంధ్ర అడవులు అక్టోబరులో ఆకులు రాల్చకపోవడానికి కారణం ఏమిటి?

4. ఏ నెలలో ఏ రంగు?

అక్టోబరు – డిసెంబరు: కొండలమీద వలిసె చేలు పసుపుపచ్చగా పూస్తాయి. నవంబరు, డిసెంబరుల్లో మైదానంలో వరి బంగారురంగుకు తిరుగుతుంది. అడవి పచ్చగానే ఉంటుంది.

జనవరి – ఫిబ్రవరి: నాటుబాదం ఆకులు ఎర్రబడి రాలతాయి. టేకు ఆకులు ఎండి రాలుతుంటాయి. బూరుగ మోడై ఎర్రని పూలు పూస్తుంది.

ఫిబ్రవరి – మార్చి: మోదుగ ఆకులన్నీ రాల్చి నిప్పురంగు పూలతో నిలబడుతుంది. రావి ఆకు రాల్చి, లేత రాగిరంగు చిగురు తొడుగుతుంది.

మార్చి – ఏప్రిల్: పుసుగు చెట్టు నిండా ఎర్రని చిగురు. ఇప్ప పూత, ఆ తరవాత రాగిరంగు చిగురు. ఏప్రిల్, మే నెలల్లో రేలపూల పసుపు.

వీటిలో నాటుబాదాన్ని ప్రత్యేకంగా చూడండి. రాలే ముందు ఆకులు పసుపు, నారింజ, ముదురు ఎరుపు రంగుల్లోకి మారే చెట్టు మన ఊళ్లలో ఇదే. విదేశాల్లో జనం వందల కిలోమీటర్లు వెళ్లి చూసే మార్పు మన బడి ఆవరణల్లో గొడుగులా పెరిగే ఈ చెట్టు కింద సంక్రాంతి తరవాత కనిపిస్తుంది. సందర్శకులకు విషయం వివరించడానికి దీనికి మించిన ఉదాహరణ లేదు.

5. శరత్తులో చేయదగిన ప్రయాణాలు

తెలుగువారికి ఈ కాలపు ప్రయాణం కొత్తదేమీ కాదు. కార్తీక వనభోజనాలు అదే. పొద్దున్నే బయలుదేరి, తోటలో ఉసిరిచెట్టు కింద వండుకుని తిని, సాయంత్రానికి ఇల్లు చేరడం ఒక్కరోజు విహారానికి చక్కని నమూనా.

విజయనగరం – శృంగవరపుకోట – అనంతగిరి – అరకు: శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. దారికి సమీపంలో గోస్తనీ నదిమీద తాటిపూడి జలాశయం ఉంది. పైన అనంతగిరి, అరకు పరిసరాల్లో వలిసె పూలు చూడవచ్చు. సొంత వాహనం లేనివారు విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే రైలును కొత్తవలసలో గాని శృంగవరపుకోటలో గాని అందుకోవచ్చు. అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె ఈ మార్గంలో 2017లో మొదలైంది. ఈ దారిలోని శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది.

శ్రీకాకుళం – టెక్కలి – తేలినీలాపురం: జాతీయ రహదారికి దగ్గరలో ఉన్న ఈ ఊరికి ఏటా ఈ కాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్లమీద గూళ్లు కడతాయి. వాటి రాకను శుభంగా భావించి గ్రామస్థులు తరతరాలుగా కాపాడుతున్నారు. ఇవి సైబీరియా నుంచి వస్తాయని చెప్పడం పరిపాటి. ఈ జాతి గూడబాతులు నిజానికి దక్షిణ, ఆగ్నేయ ఆసియాలకు చెందినవే. సందర్శకులకు సరైన మాటే చెప్పండి.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరవాత వచ్చే మొదటి మంగళవారం జరుగుతుంది. ఆ ఒక్కరోజు పట్టణం మీదుగా ప్రయాణం పెట్టుకోకండి. ఉత్సవం చూడడానికైతే విడిగా రండి.

6. శిశిరంలో చేయదగిన ప్రయాణాలు

విజయనగరం – గజపతినగరం – సాలూరు – సుంకి: ఇది 26వ నంబరు జాతీయ రహదారి. సాలూరు దాటాక ఘాట్ ఎక్కి ఒడిశాలోని సుంకి చేరుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోడువారిన కొండవాలుల మధ్య మోదుగ, బూరుగ పూలు దూరం నుంచే కనిపిస్తాయి. ఆకులు రాలడం వల్ల కొండల ఆకృతి కూడా అప్పుడే స్పష్టంగా తెలుస్తుంది.

శ్రీకాకుళం – పాలకొండ – సీతంపేట: సవరలు, జాతాపులు నివసించే కొండప్రాంతం. మార్చి, ఏప్రిల్ నెలల్లో చిగుళ్ల రంగులు చూడడానికి అనువైనది. పాత పుస్తకాల్లో సీతంపేట శ్రీకాకుళం జిల్లాలో, సాలూరు విజయనగరం జిల్లాలో కనిపిస్తాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగాక ఈ రెండూ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాయి.

7. ఈ రంగులు ఎవరివి?

చినార్ ఆకు రాలితే దాన్ని తొక్కినా ఎవరికీ నష్టం లేదు. వలిసె పువ్వు అలాంటిది కాదు. అది నూనెగింజల పంట. ఒక మొక్క పువ్వుకు సాధారణంగా మరో మొక్క పుప్పొడి అందితేనే గింజ కడుతుంది. ఆ పని తేనెటీగలు చేస్తాయి. ఫొటో కోసం చేలోకి దిగిన మనిషి విరిచేది కొమ్మలను మాత్రమే కాదు, గింజ కట్టవలసిన పూలను కూడా. కొన్నిచోట్ల రైతులు ఫొటోలకు కొంత రుసుము తీసుకుంటున్నారు. దాన్ని దోపిడీగా చెప్పకండి. నష్టానికి పరిహారంగా, చూపిన అందానికి ప్రతిఫలంగా సందర్శకులకు వివరించండి. గట్టుమీద నిలబడి చూడమనండి.

శిశిరంలోనూ అంతే. మనం ఎండిన అడవిగా చూసేది కొండవాసులకు ఏరుకునే కాలం. తెల్లవారకముందే రాలే ఇప్పపువ్వును చెట్టుకింద శుభ్రంచేసిన నేలమీద ఏరుతారు. చింతపండు, ఆపైన తునికాకు సేకరిస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఇలాంటి అటవీ ఫలసాయాన్ని కొనుగోలు చేస్తుంది. ఇప్పచెట్టు కింద చాప పరిచి భోజనాలకు కూర్చుంటే ఒక కుటుంబం ఆ రోజు సంపాదనమీద కూర్చున్నట్లే. అడిగి కూర్చోవడం మర్యాద.

8. జాగ్రత్తలు

• అక్టోబరు తుపానుల నెల. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న ఈ తీరాన్ని తాకాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయండి.
• నవంబరు నుంచి జనవరి వరకు ఘాట్ రోడ్లమీద ఉదయం దట్టమైన మంచు ఉంటుంది. ఎండ వచ్చాకే ఎక్కండి, చీకటి పడకముందే దిగండి.
• శిశిరంలో రాలిన ఆకు పొడిగా ఉంటుంది. ఒక్క బీడీ ముక్క కొండను తగలబెట్టగలదు. అడవిలో వంట పెట్టకండి.
• పార్వతీపురం, కొమరాడ, కురుపాం పరిసరాల్లో కొన్నేళ్లుగా ఏనుగులు తిరుగుతున్నాయి. బయలుదేరే ముందు అటవీ సిబ్బందిని అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
వలిసె చేలోకి సందర్శకులు దిగితే రైతుకు ఎలా నష్టం కలుగుతుంది?

9. సారాంశం

మన ప్రాంతంలో ఆకు రాలడానికి కారణం చలి కాదు, నీటి కొరత. అందువల్ల శరత్తులో అడవి పచ్చగా ఉంటుంది. రంగులు చేలలో ఉంటాయి. శిశిరంలో ఆకులు రాలతాయి, మోడుచెట్లు పూస్తాయి, ఆ వెంటనే ఎర్రని చిగుళ్లు వస్తాయి. ఈ రెండు కాలాలకు రెండు రకాల ప్రయాణాలు తగినవి. రెండింటిలోనూ మనం చూసే రంగు వెనక ఒకరి పంటో, ఒకరి సేకరణో ఉంటుందని గుర్తుంచుకోవాలి.

10. ప్రగతి ప్రశ్నలకు మాదిరి సమాధానాలు

1. అక్టోబరు, నవంబరు వరకు వానలుండడం వల్ల నేలలో తేమ ఉంటుంది. గడ్డకట్టే చలి రాదు. జనవరి తరవాత నేల ఎండినప్పుడే చెట్లు ఆకులు రాలుస్తాయి.
2. కొమ్మలు విరిగి, గింజ కట్టవలసిన పూలు రాలి నూనెగింజల దిగుబడి తగ్గుతుంది.

11. నమూనా పరీక్ష ప్రశ్నలు, అభ్యాసం

1. చల్లని దేశాల్లోనూ ఉత్తరాంధ్రలోనూ ఆకులు రాలే తీరును పోల్చి రాయండి.
2. మాఘమాసంలో పదిమంది విద్యార్థుల కోసం ఒక్కరోజు ప్రయాణ ప్రణాళిక తయారుచేయండి.
3. మీ ఇంటికి దగ్గరలోని ఒక రావిని గాని నాటుబాదాన్ని గాని ఎంచుకోండి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు వారానికొకసారి, ఒకే రోజున చూసి ఆకుల రంగు, రాలిక, చిగురు వివరాలను నోటుపుస్తకంలో తేదీలతో రాయండి. మరుసటి ఏడాది మీ ఊరికి వచ్చేవారికి ఎప్పుడు రమ్మనాలో ఆ పుస్తకం చూసి చెప్పవచ్చు.