తిరగని డ్రయ్యర్

ఆషాఢమాసం వచ్చిందంటే హైదరాబాదు పాతబస్తీలోని లాల్‌దర్వాజా, గౌలిపురా, అలియాబాదు వీధులు బోనాల సంబరానికి ముస్తాబవుతాయి. ముసురు పట్టేదీ ఆ రోజుల్లోనే. ఎదురెదురు మేడలు ఒరుసుకొని నిలిచిన గల్లీల్లో ఎండ పొడ తగిలే జాగా అసలే తక్కువ. వానాకాలంలో ఉతికిన బట్టలు ఆరక ముక్కిన వాసన వేస్తాయి. పూర్వం ఇద్దరు మనుషులు చెరొక కొస పట్టుకొని దుప్పటిని మెలితిప్పి నీరు పిండేవారు. ఆ పనిని నేడు అనేక ఇళ్లలో సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్‌లోని రెండవ తొట్టి చేస్తున్నది. జనవ్యవహారంలో దాని పేరే డ్రయ్యర్.

పాశ్చాత్య దేశాల్లో డ్రయ్యర్ అంటే వేడిగాలితో బట్టలను ఆరబెట్టే వేరొక యంత్రం. ఇక్కడి డ్రయ్యర్‌కు వేడితో పని లేదు. ఇందులోని చిల్లుల గిన్నె చాలా యంత్రాల్లో నిమిషానికి సుమారు 1300 సార్లు తిరుగుతుంది. గిన్నె గోడ బట్టను ఆపుతుంది గాని, రంధ్రాల వద్ద నీటిని ఆపేది ఏదీ లేదు; కనుక నీరు బయటికి చిమ్ముతుంది. బట్ట పూర్తిగా ఆరదు, నీరోడడం మాత్రం మానుతుంది. ముసురు రోజుల్లో ఆ మాత్రమే గొప్ప ఉపకారం.

ఇటువంటి డ్రయ్యర్ ఒకనాడు తిరగక మొరాయిస్తే, మోటారు కాలిపోయిందన్న మాటే ముందుగా వినవస్తుంది. అది తొందరపాటు తీర్పు. మోటారును శంకించే ముందు చెవి ఒగ్గి వినవలసి ఉంటుంది. యంత్రం పూర్తిగా మౌనం వహించిందా, లేక కదలకుండానే 'హుం' అని మూలుగుతున్నదా? మౌనం వహిస్తే చాలావరకు విద్యుత్తు మోటారు దాకా చేరడం లేదని అర్థం. మూలుగుతుంటే విద్యుత్తు చేరినా మోటారు తిరగలేకపోతున్నదని అర్థం.

మౌనంగా ఉన్న యంత్రంలో ఉతికే తొట్టిని నడిపి చూడడం సులభమైన పరీక్ష. రెండు తొట్లకూ మోటార్లు వేరు. ఉతికే తొట్టి తిరిగితే ప్లగ్గు, సాకెట్టు నిర్దోషులే. టైమరు టిక్కుటిక్కుమంటున్నది కదా, కరెంటు వస్తున్నట్లే అని కొందరు భ్రమపడతారు. మరతో తిప్పే టైమరులో ఉండేది చుట్టిన స్ప్రింగు. ప్లగ్గు పీకివేసినా అది టిక్కుమంటూనే ఉంటుంది.

తరువాత చూడవలసింది మూత. డ్రయ్యర్ పైమూత సరిగా పడితేనే దాని కింద దాగిన స్విచ్ కలుస్తుంది. మూత ఎత్తగానే విద్యుత్తు తెగి, బ్రేకు పడి, గిన్నె ఆగుతుంది. మూత అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ కొక్కెం విరిగినా, స్విచ్ రేకు వంగినా యంత్రం కదలదు. ఇక్కడే ఒక ప్రమాదకరమైన అలవాటు ప్రబలి ఉన్నది. స్విచ్ మార్చడానికి బదులు రెండు తీగలనూ కలిపి 'డైరెక్టు' చేయడం. యంత్రం తిరుగుతుంది, ఖర్చు మిగులుతుంది. కాని మూత తెరిచినా మోటారుకు విద్యుత్తు ఆగదు. వేగంగా తిరిగే గిన్నెలో దుపట్టా కొంగో, పసివాని వేలో చిక్కితే ఎముక విరగడానికి క్షణం చాలు. పిల్లలున్న ఇంట్లో ఇటువంటి మరమ్మతుకు ఎంతమాత్రం ఒప్పుకోరాదు.

నేలమీది అంతస్తు ఇళ్లలో ఎలుకల బెడద మరొకటి. యంత్రం అడుగు నుండి దూరి అవి తీగలను కొరుకుతాయి. తెగిన తీగ యంత్రపు లోహభాగాలను తాకి, ఇంటి వైరింగులో ఎర్తు సరిగా లేకపోతే, తడినేలపై నిలిచి యంత్రాన్ని తాకినవారికి ప్రాణాపాయమే. అడుగున జాలీ బిగించడం, మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు నిజంగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించడం పాత ఇళ్లలో తప్పనిసరి.

ఇక మూలిగే యంత్రం. దానిని అలాగే వదిలితే మోటారు వేడెక్కి నిజంగానే కాలిపోతుంది. వెంటనే ప్లగ్గు తీయాలి. చేతిరుమాలో, చిన్న మేజోడో గిన్నె అంచు దాటి కిందికి జారి చుట్టుకొని ఉండవచ్చు. మూత తెరిచి ఉన్నప్పుడు బ్రేకు పట్టి ఉంటుంది కనుక గిన్నె చేతికి బిగువుగా తగలడం సహజమే. దానిని చూసి బేరింగు పోయిందనుకోరాదు. మూత వేసినా బ్రేకు వదలకపోతే దాని తీగ సాగిందని గ్రహించాలి.

ఇవేవీ కాకుంటే దోషం కెపాసిటర్‌ది కావచ్చు. ఇళ్లకు వచ్చే సింగిల్ ఫేజ్ విద్యుత్తు ఒకే చుట్టలో ప్రవహిస్తే అయస్కాంతబలం పెరిగి తరుగుతుందే గాని ఒక దిక్కుకు తిరగదు. అందుకే మోటారులో రెండవ చుట్ట ఉంటుంది. కెపాసిటర్ ఆ చుట్టలోని ప్రవాహపు వేళను మారుస్తుంది. ఆ తేడా వల్లనే మోటారుకు తొలి కదలిక కలుగుతుంది. కెపాసిటర్ చచ్చిపోతే మోటారు కంపిస్తుంది, కదలదు. దాని వెల మోటారు వెలలో కొద్ది భాగమే. పాతదానిపై ఎన్ని మైక్రోఫారడ్‌లని రాసి ఉంటే అన్నే ఉన్న కొత్తది వేయాలి. వోల్టేజి అంకె తగ్గరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు కనుక ఆ పని తెలిసిన మెకానిక్‌కే వదలడం మేలు.

మోటారు నిజంగా కాలినప్పుడు సైతం దానిని మార్చి ఊరుకుంటే చాలదు. గిన్నె ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు సీలు చిరిగి, సబ్బునీరు బొట్లుబొట్లుగా మోటారుపై పడుతూ ఉండవచ్చు. సీలు మార్చకుండా బిగించిన కొత్త మోటారుకు సైతం కొంతకాలానికి అదే గతి పడుతుంది.