పాత ఫియట్ కారు: ఇంజిన్ కంటే ముందు రబ్బరును చూడాలి

ఖరగ్‌పూర్ శివార్లలోని విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో భూమిని తవ్వే భారీ ఎక్స్‌కవేటర్లు తయారవుతాయి. టాటా హిటాచీ కర్మాగారం అక్కడే ఉంది. అదే ఊళ్లో వందేళ్లు దాటిన రైల్వే వర్క్‌షాప్ కూడా ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పని వెతుక్కుంటూ ఆంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాల వల్ల ఖరగ్‌పూర్ వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఇనుమును కోయడం, అతకడం, అరిగిన భాగాన్ని మళ్లీ పనికొచ్చేలా చేయడం ఈ ఊరికి కొత్త కాదు.

ఒక పాత ఇటాలియన్ కారు ఎంతకాలం నిలుస్తుందో తెలుసుకోవడానికి ఇలాంటి ఊరు మంచి పరీక్ష. ఇక్కడ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వర్షాకాలంలో గాలి తేమతో బరువెక్కుతుంది. నేల ఎర్రటి లాటరైట్, దాని దుమ్ము ప్రతి సందులోకీ చేరుతుంది. బండి చెడితే బాగుచేయగల చేతులకు మాత్రం కొదవ లేదు. పాత ఫియట్ యజమాని ఆనందానికీ ఆందోళనకూ కారణాలన్నీ ఇందులోనే ఉన్నాయి.

ఇటలీ నుంచి ఇంటి ముందుకు

మన దేశంలో పాత ఇటాలియన్ కారు అంటే చాలామందికి గుర్తొచ్చేది ఫియట్ 1100, దాని వారసురాలు ప్రీమియర్ పద్మిని. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ ఈ కార్లను ముంబైలోని కుర్లాలో తయారుచేసింది. తెలుగువారికి ఆయన పేరు మరో విధంగానూ పరిచయమే. విశాఖపట్నంలో నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్‌కు మూలమైన సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి 1941లో పునాది పడింది ఆయన చొరవతోనే.

ఈ కారు ఇంజిన్ మూలాలు ఇంకా పాతవి. ఇటలీకి చెందిన ఇంజనీర్ దాంతే జాకోసా పాలుపంచుకున్న 1,089 సీసీ ఇంజిన్ 1937లోనే ఫియట్ కార్లలోకి వచ్చింది. 1953లో ఫియట్ 1100-103 మోడల్ విడుదలైంది. 1964 నుంచి మన దేశంలో తయారైన రూపమే తర్వాత ప్రీమియర్ ప్రెసిడెంట్‌గా, 1974 నుంచి పద్మినిగా పేరు మార్చుకుంది. లైసెన్సుల కాలంలో కారు కొనాలంటే ప్రధానంగా మూడే దారులు: పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో తయారయ్యే అంబాసిడర్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డ్, ముంబై ఫియట్. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న కారు కాబట్టి చాలా ఇళ్లలో అది కుటుంబ సభ్యుల్లో ఒకటిగా మిగిలిపోయింది. ముంబైలో ట్యాక్సీగా తిరిగిన చివరి పద్మిని 20 ఏళ్ల గడువు నిండి 2023 అక్టోబర్ చివరలో రోడ్డు నుంచి తప్పుకుంది. సొంత కార్లుగా మాత్రం ఇవి అక్కడక్కడా ఇంకా తిరుగుతున్నాయి.

కంటికి కనిపించే యంత్రం

పాత ఫియట్ బానెట్ ఎత్తితే ఏ భాగం ఏ పని చేస్తుందో చూసి చెప్పవచ్చు. ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లు వరుసగా ఉంటాయి. ఒక్కొక్కటి 68 మిల్లీమీటర్ల వెడల్పు. పిస్టన్ 75 మిల్లీమీటర్లు పైకీ కిందికీ కదులుతుంది. శక్తి సుమారు 40 హార్స్‌పవర్. స్టీరింగ్ పక్కనే ఉండే హ్యాండ్ గేరు కడ్డీల ద్వారా గేరుబాక్సును కదిలిస్తుంది. ఎక్కడా కంప్యూటర్ లేదు.

నిప్పురవ్వ పుట్టే విధానమే చూడండి. డిస్ట్రిబ్యూటర్ లోపల మెకానిక్కులు పాయింట్లు అని పిలిచే చిన్న లోహపు జత ఉంటుంది. అది తెరుచుకున్న ప్రతిసారీ కాయిల్‌లో కరెంటు తెగి, వేల వోల్టుల విద్యుత్ పుడుతుంది. అదే స్పార్క్ ప్లగ్ దగ్గర రవ్వగా మారుతుంది. ఇంజిన్ నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంటే ఈ పాయింట్లు సెకనుకు 100 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. వాటి మధ్య ఖాళీ అర మిల్లీమీటరు కూడా ఉండదు. అరిగితే ఖాళీ మారుతుంది, రవ్వ పుట్టే సమయం తప్పుతుంది, బండి ఈడ్చినట్టు నడుస్తుంది. దాన్ని సరిచేయడానికి ఒక స్క్రూడ్రైవరు, ఒక ఫీలర్ గేజ్, పది నిమిషాల ఓపిక చాలు.

ఈ కారును ఇష్టపడేవారి ఆనందం ఇదే. లోపం చెవికి వినిపిస్తుంది, ముక్కుకు తెలుస్తుంది, చేతికి అందుతుంది. పోతపోసిన ఇనుముతో చేసిన ఇంజిన్ బ్లాకు మందంగా ఉంటుంది. సిలిండర్లు అరిగితే బోరింగ్ చేసి కొంచెం పెద్ద పిస్టన్లు వేయవచ్చు. విడిభాగం దొరకకపోతే లేత్ మీద చేయించుకోవచ్చు. అందుకే ఇంజిన్ గురించి యజమాని పడే భయంలో చాలా భాగం అనవసరం. అసలు ప్రమాదం ఇంజిన్‌లోకి వెళ్లే పెట్రోల్‌తో, దాన్ని మోసుకెళ్లే రబ్బరుతో, కారు మొత్తాన్ని మోసే ఇనుప రేకుతో వస్తుంది.

పెట్రోల్ మారింది, పైపులు మారలేదు

ఈ కారు ఇథనాల్ లేని పెట్రోల్ కోసం రూపొందింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోల్. దీని అమ్మకం 2023లో మొదలై 2025 నాటికి దేశమంతటా విస్తరించింది. దిగుమతి చేసుకునే ముడిచమురును తగ్గించడం, చెరకు, ధాన్యం రైతులకు మార్కెట్ కల్పించడం దీని ఉద్దేశాలు. కొత్త కార్లు దీనికి తగ్గట్టు తయారవుతున్నాయి. పాత కారుకు మాత్రం మూడు ఇబ్బందులు వస్తాయి.

మొదటిది గాలి లెక్క. 1 కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి 9 కిలోలు చాలు. ఈ20కి ఇది దాదాపు 13.5 కిలోలు. కొత్త కారులో ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాను పసిగట్టి ఇంధనాన్ని పెంచుతుంది. కార్బొరేటర్‌లో అలాంటి తెలివి లేదు. అందులోని జెట్ అనే చిన్న రంధ్రం ఎప్పటిలాగే అంతే ఇంధనాన్ని వదులుతుంది. దాంతో గాలి పాలు 8 శాతం దాకా ఎక్కువవుతుంది. పికప్ మందగించవచ్చు, చల్లగా ఉన్నప్పుడు ఇంజిన్ తడబడవచ్చు. లీటరు ఇథనాల్‌లో పెట్రోల్ కంటే మూడో వంతు శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కూడా కొంత తగ్గుతుంది. దీనికి పరిష్కారం కొంచెం పెద్ద జెట్ వేసి ట్యూనింగ్ చేయించడం. ఇది చిన్న సమస్యే.

రెండోది రబ్బరు. పాత పైపులు, పంపులోని పొర, సీళ్లు ఆ కాలపు నైట్రైల్ వంటి రబ్బరుతో చేసినవి. రబ్బరు అంటే ఒకదానితో ఒకటి ముడిపడిన పొడవాటి అణువుల గొలుసులు. ద్రవం వాటి మధ్యలోకి చొరబడితే రబ్బరు ఉబ్బుతుంది. పెట్రోల్ ఒక్కటే ఉన్నప్పటికంటే, ఇథనాల్ ఒక్కటే ఉన్నప్పటికంటే, రెండూ కలిసిన మిశ్రమంలో నైట్రైల్ రబ్బరు ఎక్కువగా ఉబ్బుతుంది. రబ్బరును మెత్తగా ఉంచే పదార్థాలను కూడా ఆ మిశ్రమం లాగేస్తుంది. బండిని కొన్ని వారాలు ఆపేస్తే పైపు ఎండి, ముడుచుకుని, పగుళ్లు వేస్తుంది. మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఆ పగుళ్ల నుంచి పెట్రోల్ చుక్కలుగా కారుతుంది. కింద ఎగ్జాస్ట్ గొట్టం వేడెక్కి ఉంటుంది. పాత కార్లు తగలబడటానికి ఇలాంటి లీకులు ఒక ముఖ్య కారణం.

దీనికి విరుగుడు ఫ్లోరిన్ కలిసిన ఫ్లోరోఎలాస్టోమర్ రబ్బరు. కార్బన్, ఫ్లోరిన్ మధ్య బంధం చాలా బలమైనది. అందువల్ల ఇథనాల్ ఈ రబ్బరును అంత తేలిగ్గా ఉబ్బించలేదు. పైపు కొనేటప్పుడు దాని మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అన్న ముద్ర ఉందేమో చూడాలి. నల్లగా, మెత్తగా ఉన్న ప్రతి పైపూ పెట్రోల్ పైపు కాదు. ఇలాంటి పదార్థాలపై చదువుకూ పరిశోధనకూ పేరున్న రబ్బర్ టెక్నాలజీ సెంటర్ ఖరగ్‌పూర్ ఐఐటీలోనే ఉంది.

మూడోది నీరు. ఇథనాల్ నీటితో ఇట్టే కలుస్తుంది. పాత మూత సందుల్లోంచి వాన నీరు దిగినా, సగం ఖాళీగా ఉన్న ట్యాంకు గోడలకు తేమ పట్టినా ఆ నీరు ఇంధనంలో కలిసిపోతుంది. కొంత మేరకు ఇబ్బంది లేదు. హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగున పొరగా చేరతాయి. ఇంజిన్ పీల్చేది ముందుగా ఆ పొరనే. అదే పొర ట్యాంకు లోపలి పూతను, కార్బొరేటర్‌లోని జింకు మిశ్రమాన్ని తినేస్తుంది. అప్పుడప్పుడే తిరిగే కారుకు ఈ బాధ ఎక్కువ.

వేసవిలో తడిగుడ్డ

ఎండాకాలం ట్రాఫిక్‌లో పాత ఫియట్ ఆగిపోవడం, డ్రైవరు పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ కప్పడం ఒకప్పుడు మామూలు దృశ్యం. ఈ కారులో పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. ఇంజిన్ వేడికి పంపులోని పెట్రోల్‌లో తేలికగా ఆవిరయ్యే భాగం బుడగలు కడుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు కానీ ఆవిరిని తోయలేదు, నొక్కినకొద్దీ అది కుంచించుకుపోతుంది. తడిగుడ్డలోని నీరు ఆవిరవుతూ పంపు వేడిని లాక్కుంటుంది. దాంతో ఆవిరి మళ్లీ ద్రవంగా మారి బండి కదులుతుంది. మట్టి కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇదీ.

వేడితో ఇంకో చిక్కు ఉంది. ఇంజిన్ బ్లాకు ఇనుము, దాని మీది హెడ్ అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గి ఇంజిన్ బాగా వేడెక్కితే హెడ్ వంగి, మధ్యలోని గ్యాస్కెట్ కాలిపోవచ్చు. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఇల్లు దగ్గరే కదా అని నడపడం ఈ కారుకు చేసే పెద్ద అపకారం.

లోపల పాకే తుప్పు

పాత అంబాసిడర్‌లాగే ఫియట్ 1100కూ విడిగా చాసిస్ ఉండదు. మడతపెట్టి అతికిన రేకులే కారు బరువును మోస్తాయి. కాబట్టి తుప్పును అందానికి సంబంధించిన విషయంగా చూడకూడదు, అది బలానికి సంబంధించినది. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. బెంగాల్ వర్షాకాలంలో తేమ వారాల తరబడి అంతకంటే ఎక్కువే. తలుపుల కింది పెట్టెల్లో, చక్రాల పైభాగాల్లో చేరిన దుమ్ము తడిసి ముద్దై, పైకి ఎండ కాసినా రేకును తడిగానే ఉంచుతుంది. తుప్పు తాను తినేసిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెయింటు బుడగలా పైకి లేస్తుంది. ఆ బుడగ కనిపించేసరికి లోపల పని చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

దాని మీద పుట్టీ పూసి రంగు వేస్తే కారు మెరుస్తుంది తప్ప బలం రాదు. తుప్పు పట్టిన రేకును కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, లోపల మైనం లాంటి పూత చల్లి, నీరు బయటికి పోయే రంధ్రాలను తెరిచి ఉంచాలి. పాత ఫియట్ కొనేవారు ఇంజిన్ శబ్దం వినడం కంటే ముందు కారు కింద పడుకుని చూడాలని తెలిసినవారు చెప్పేది అందుకే.

పొగ ప్రశ్న

ఈ కారుపై ఉన్న ఫిర్యాదు న్యాయమైనదే. ఇందులో క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు. గాలి, ఇంధనాల పాళ్లను కచ్చితంగా నిలపలేని కార్బొరేటర్‌కు దాన్ని తర్వాత తగిలించినా సరిగా పనిచేయదు. పొల్యూషన్ పరీక్షలో భారత్ స్టేజ్ ప్రమాణాలకు ముందు తయారైన కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా అనుమతి ఉంటే, బీఎస్-4 కార్లకు 0.3 శాతమే. అంటే పరీక్ష పాసైన పాత కారు కూడా కొత్తదానికి సమానం కాదు. ఏడాదికి కొద్ది కిలోమీటర్లే తిరిగితే మొత్తం పొగ తక్కువే. రోజూ ఊళ్లో తిప్పితే ఆ వాదన నిలవదు.

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు ఈ తేడానే పాటించాయి. మొదటి రిజిస్ట్రేషన్ తర్వాత 50 ఏళ్లు నిండి, పెద్ద మార్పులు లేని కారును 20,000 రూపాయల రుసుముతో ‘వీఏ’ సిరీస్‌లో నమోదు చేయవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోల్ కోసం రోడ్డెక్కవచ్చు. రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడకూడదు. 1960ల నాటి ఫియట్‌కు ఈ దారి ఉంది. 1990ల నాటి పద్మినికి ఇంకా లేదు. అది మామూలు కారులాగే ఫిట్‌నెస్ పరీక్షతో రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి.

ఏది ముందు, ఏది తర్వాత

పాత ఫియట్ ఉన్నవారు డబ్బు ఖర్చు పెట్టాల్సిన వరుస దీన్నిబట్టి తేలుతుంది. మొదట ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ప్రతి రబ్బరు పైపు, పంపు పొర, సీళ్లు మార్చాలి. ట్యాంకు కడిగించి కొత్త ఫిల్టరు వేయాలి. ఇథనాల్ పాత మడ్డిని కరిగించి తెస్తుంది కాబట్టి కొన్నాళ్లకే ఆ ఫిల్టరునూ మార్చాలి. తర్వాత బ్రేకులు. డ్రమ్ బ్రేకులు వేడెక్కితే పట్టు తగ్గుతాయి. ఎయిర్‌బ్యాగులు లేని కారులో వాటి మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఆ తర్వాత అడుగు రేకుల తుప్పు, రేడియేటర్, జెట్ల ట్యూనింగ్. మెరిసే రంగు, క్రోమ్ బంపర్లు చివర.

బండిని నెలల తరబడి షెడ్డులో నిలపడం కంటే పదిహేను రోజులకోసారి ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడపడం మంచిది. కదలని కారులో రబ్బరు ఎండుతుంది, పెట్రోల్ పాతబడుతుంది, బ్రేకులు పట్టేస్తాయి. ఖరగ్‌పూర్ మీదుగా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి నేరుగా విశాఖపట్నం చేరుతుంది. ఇంజిన్ సంగతి ఎలా ఉన్నా, పైపులు కొత్తవో కావో చూడకుండా పాత ఫియట్‌ను అంత దూరం తీసుకెళ్లకూడదు.